చీరాల–పేరాల: గెలిచారా, ఓడారా? (బావగారితో పందెం, సాయం చేయండి)

కృష్ణాకాలువ
అందరికీ నమస్కారం. ఆదివారం భోజనాల దగ్గర 1921 నాటి చీరాల–పేరాల పన్ను పోరాటం మీద మా బావగారికీ నాకూ పెద్ద వాదన అయింది. ఆయన ఏమంటారంటే, "కత్తి పట్టనివాళ్ళు పోరాడినట్టు కాదు. చీరాల వాళ్ళు ఊరు ఖాళీ చేసి పాకల్లో కూర్చున్నారు, ఏడాది తిరక్కుండానే వెనక్కి వచ్చి అదే పన్ను కట్టారు. దాన్ని ఉద్యమం అనాలా, వలస అనాలా?" నాకు కోపం వచ్చింది గానీ జవాబు రాలేదు. బడి పుస్తకంలో చదివిన నాలుగు ముక్కలు తప్ప నాకు తెలిసింది లేదు. దుగ్గిరాల గోపాలకృష్ణయ్య, రామదండు, రామనగర్... అంతే, బండి ఆగిపోయింది.

వచ్చే ఆదివారానికి ఆధారాలతో వస్తానని మాటిచ్చాను. ఓడితే బిర్యానీ నాది. తెలిసినవాళ్ళు చెప్పండి. అసలు వాళ్ళు గెలిచారా, ఓడారా?

పాతపంతులు
గెలుపు, ఓటమి తర్వాత చూద్దాం బాబూ, ముందు కథ సరిగ్గా తెలుసుకో. ముప్పై ఏళ్ళు పిల్లలకి ఇదే చెప్పి రిటైరయ్యాను, కాస్త పొడుగవుతుంది, ఓర్చుకో.

అప్పట్లో చీరాల, పేరాల గుంటూరు జిల్లాలో ఉండేవి. రెండూ పక్కపక్క ఊళ్ళు. జనాభా దాదాపు 15,000. ఎక్కువమంది చేనేతవాళ్ళు, మిగతావాళ్ళు చిన్న రైతులు, చిల్లర వ్యాపారులు. అంతకుముందు అక్కడ యూనియన్ (చిన్న ఊళ్ళ పాలక సంఘం) ఉండేది, పన్ను నామమాత్రం. మద్రాసు ప్రభుత్వం దాన్ని తీసేసి మునిసిపాలిటీ చేసింది. సౌకర్యాలు వస్తాయని సర్కారు మాట. జనానికి మాత్రం సౌకర్యం ఎక్కడా కనపడలేదు, పన్ను కనపడింది. అదీ ఎన్నో రెట్లు పెరిగి. "మాకు మునిసిపాలిటీ వద్దు" అని అర్జీలు పెట్టుకున్నారు. ఎవరూ పట్టించుకోలేదు. అప్పుడు పన్ను కట్టడం మానేశారు. కట్టనివాళ్ళ మీద కేసులు పెట్టి జైలుకు పంపారు. అలా వెళ్ళినవాళ్ళలో ఒక ఆడమనిషి కూడా ఉంది. ఊళ్ళో ఉడుకు పుట్టింది ఆ సంగతితోనే.

ఇక గోపాలకృష్ణయ్య. పుట్టింది 1889లో, కృష్ణా జిల్లా పెనుగంచిప్రోలులో. ఎడింబరోలో ఎం.ఏ. చదివి వచ్చినవాడు. ఆనంద కుమారస్వామితో కలిసి నందికేశ్వరుడి నాట్యగ్రంథం అభినయ దర్పణాన్ని ఇంగ్లీషులోకి తెచ్చాడు, అది 1917లో అచ్చయింది. కావాలంటే ఏ కాలేజీలోనో మంచి ఉద్యోగం చేసుకుంటూ కుర్చీలో కూర్చోగలిగిన మనిషి. అది వదిలేసి ఈ నేతపేటల్లోకి వచ్చాడు. పాడేవాడు, పద్యం చెప్పేవాడు, మాటకు మాట అంటించేవాడు. ఆయన కట్టిన వాలంటీర్ల దళమే రామదండు. కాషాయం గుడ్డలు, మెడలో రుద్రాక్షలు. 1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీల్లో బెజవాడలో కాంగ్రెస్ కమిటీ సమావేశం జరిగితే గాంధీని చూడాలని జనం విరుచుకుపడ్డారు. ఆ జనాన్ని అదుపులో పెట్టింది వీళ్ళే.

ఆ వారంలోనే, ఏప్రిల్ 6న, గాంధీ చీరాల వచ్చాడు. రెండు దారులున్నాయన్నాడు. ఒకటి, ఊళ్ళోనే ఉండి పన్ను కట్టకుండా, ఎన్ని దెబ్బలు పడినా చెయ్యెత్తకుండా నిలబడటం. రెండోది, మునిసిపాలిటీ హద్దులు దాటి వెళ్ళిపోవడం. ఊళ్ళో మనుషులే లేకపోతే మునిసిపాలిటీ ఎవరి మీద?

వాళ్ళు రెండోది ఎంచుకున్నారు. దాదాపు 13,000 మంది ఇళ్ళకు తాళాలేసి హద్దు అవతల పాకలు వేసుకున్నారు. దానికే రామనగర్ అని పేరు. అక్కడ వాళ్ళే పంచాయతీ పెట్టుకున్నారు, తగవులు వాళ్ళే తీర్చుకున్నారు. అలా దాదాపు 11 నెలలు.

గోపాలకృష్ణయ్య ఆ ఏడాదే బరంపురం వెళితే అక్కడ మాట్లాడకూడదని నిషేధం పెట్టారు. ఆయన ఆగే రకం కాదు. ఏడాది శిక్ష వేసి తిరుచినాపల్లి జైల్లో పెట్టారు. ఆయన వెళ్ళాక రామనగర్‌లో పట్టు సడలింది. డబ్బు అయిపోయింది. 1922లో జనం మెల్లగా ఇళ్ళకు తిరిగి వచ్చారు. ఇదీ కథ.

గోదారిగాలి
పంతులుగారూ, చదువుతుంటే ఆరో పీరియడ్ గుర్తొచ్చింది. కానీ నిద్ర రాలేదు, అదే తేడా 🙂

సూటిమాట
అందరికీ కోపం వచ్చినా నా మాట చెప్తాను. బావగారి వైపు కొంత న్యాయం ఉంది.

ఇది మునిసిపల్ పన్ను గొడవ. స్వాతంత్ర్య పోరాటమని తర్వాత మనం పేరు పెట్టుకున్నాం. పైగా ఆ పన్ను వేసింది తెల్లదొరా? 1920 ఎన్నికల తర్వాత మద్రాసులో జస్టిస్ పార్టీ మంత్రివర్గం ఉంది. స్థానిక పరిపాలన శాఖ మంత్రి రామరాయణింగారు, అంటే తర్వాతి పానగల్ రాజా. మన తెలుగువాడే. ఊరి పారిశుధ్యానికి పన్ను వేయడం వలస పాలన ఎలా అవుతుంది? ఇవాళ కూడా గ్రామ పంచాయతీని మునిసిపాలిటీలో కలుపుతామంటే జనం ధర్నా చేస్తారు. దాన్ని స్వాతంత్ర్య పోరాటం అంటామా?

పాతపంతులు
సూటిమాటా, ప్రశ్న మంచిదే. మంత్రి తెలుగువాడన్నది నిజం. కానీ ఆ ద్వంద్వ ప్రభుత్వంలో మంత్రి చేతిలో ఏముంది? 1919 చట్టం ప్రకారం విద్య, వైద్యం, స్థానిక సంస్థలు మంత్రులకిచ్చారు. ఖజానా, పోలీసు, భూమి శిస్తు గవర్నరు మనుషుల దగ్గరే ఉంచుకున్నారు. తిట్లు తినే శాఖలు మనవాళ్ళకి, లాఠీ వాళ్ళకి. ఊరికి ఏం కావాలో ఊరివాళ్ళు చెప్పుకునే హక్కు లేదు, చెప్పినా వినే దిక్కు లేదు. స్వరాజ్యం అన్న మాటకు చీరాల నేతగాడికి అర్థమయ్యే తర్జుమా అదే.

జస్టిస్ పార్టీ వాళ్ళకు కాంగ్రెస్ మీద కోపం ఉందన్నదీ, అందుకే ఇక్కడ పట్టుదలకు పోయారన్నదీ నేను కాదనను. రాజకీయం లేకుండా ఏ పన్నూ ఉండదు.

గుంటమగ్గం
మాది పేరాల. నేతపని మా నాన్నగారితో ఆగిపోయింది, నేను కంప్యూటర్ ముందు కూర్చునే బాపతు. కానీ ఈ థ్రెడ్‌లో ఎవరూ పట్టించుకోని సంగతి ఒకటుంది, అది చెప్పి వెళ్తాను.

"ఊరు ఖాళీ చేసి పాకల్లో కూర్చున్నారు" అని బావగారు తేలిగ్గా అనేశారు. నేతవాడు ఊరు ఖాళీ చేయడమంటే ఏంటో తెలుసా? గుంట మగ్గం చూశారా ఎప్పుడైనా? నేలలో గొయ్యి తీసి, అందులో కాళ్ళు పెట్టుకుని కూర్చుని నేస్తారు. తొక్కుడు చెక్కలు ఆ గుంటలోనే ఉంటాయి. మగ్గాన్ని నెత్తిన పెట్టుకుని పోవచ్చేమో గానీ గుంటను మోసుకుపోలేరు కదా. కొత్త చోట మళ్ళీ తవ్వాలి. తవ్విన గుంట గట్టిపడాలి. మాది ఇసక నేల, సముద్రం పక్కనే. తాటాకు పాకలో వాన కురిస్తే ముందు తడిసేది గుంటే. గుంటలో నీరు చేరితే ఆ రోజు పని లేనట్టే, పడుగు (మగ్గానికి ఎక్కించే నిలువు దారాలు) తడిస్తే వారం పోయినట్టే.

ఇంకోటి. పడుగు చాపడానికి పొడుగాటి వీధి కావాలి. తెల్లారగట్టే దారాలు బారుగా కట్టి, గంజి పెట్టి, కుంచెతో దువ్వి, ఎండెక్కేలోపు ఆరబెట్టాలి. అందుకే నేతపేటల్లో వీధులు అంత బారుగా, చెట్లు వేసి ఉంటాయి. ఆ వీధిని వదిలిపెట్టి వెళ్ళారు వాళ్ళు. కండెలు చుట్టే ముసలమ్మ దగ్గర్నించి ఆసు పోసే పిల్ల దాకా ఇంటిల్లిపాదికీ అదే బతుకు. రోజుకూలీలాంటి పని. నేస్తేనే అన్నం.

మా నాయనమ్మ వాళ్ళ అమ్మ రామనగర్‌లో ఉంది. ఆమె చెప్పిందంటూ మా నాయనమ్మ చెప్పేది ఒకటే, "వానాకాలం మగ్గం చప్పుడు లేదు". నాకు చిన్నప్పుడు అందులో గొప్పేముందో అర్థం కాలేదు. నేతపేటలో మగ్గం చప్పుడు ఆగడమంటే పొయ్యి ఆరడం.

కాబట్టి వాళ్ళు "ఏడాది తిరక్కుండా వచ్చేశారు" అనకండి. అన్నాళ్ళు ఎలా ఉన్నారో అడగండి.

కృష్ణాకాలువ
గుంటమగ్గం గారూ, ఈ ఒక్క పోస్టుకే బిర్యానీ మీకు పంపాలి. ఇది ఏ పుస్తకంలోనూ చదవలేదు.

గోదారిగాలి
నిజమే. వెళ్ళింది రైతులైతే పొలం ఎక్కడికీ పోదు, పొద్దున వెళ్ళి పని చేసుకుని రావచ్చు. నేతవాళ్ళకి ఇల్లే ఫ్యాక్టరీ.

పొగాకుబేరన్
చీరాల చీరాల అంటున్నారు, పక్కనున్న మా పెదనందిపాడును మర్చిపోతే ఎలా? బావగారికి "గెలుపు" కావాలంటే అక్కడ చూపించాలి.

మాది ఆ ఫిర్కాలో (కొన్ని ఊళ్ళు కలిపిన రెవెన్యూ విభాగం) ఊరే. 1921 చివర్లో సహాయ నిరాకరణ ఊపు మీద ఉన్నప్పుడు, భూమి శిస్తు కట్టం అని మావాళ్ళు మొండికేశారు. నాయకుడు పర్వతనేని వీరయ్య చౌదరి. దాదాపు 4,000 మందితో శాంతిసేన కట్టాడు. పేరులోనే ఉంది, చేతిలో ఆయుధం లేదు. ఖద్దరు కట్టి ఊరూరా తిరగడం, ఎక్కడా గొడవ జరగకుండా చూడటం, ఎవరైనా బెదిరిపోయి కిస్తు కట్టబోతే నచ్చజెప్పడం, ఇదీ వాళ్ళ పని.

ఇప్పుడు అసలు కిటుకు చెప్తా. శిస్తు వసూలు చేసేది దొర కాదు. మునసబు, కరణం, వెట్టివాడు. ఏ సర్వే నంబరు ఎవరిది, ఎవరు ఎంత బాకీ, ఇవన్నీ కరణం లెక్కల్లో ఉంటాయి. మా వైపు మునసబులు, కరణాలు వరసపెట్టి రాజీనామాలు చేశారు. ఇక తహసీల్దారు ఊళ్ళోకి వస్తే ఎవరి ఇల్లు ఏదో చెప్పేవాడు లేడు. కూర్చోమని అరుగు చూపేవాడు లేడు. బండి కట్టేవాడు లేడు, కుండలో నీళ్ళు పోసేవాడు లేడు. జప్తు చేసిన గొడ్లను వేలం వేస్తే పాట పాడేవాడు లేడు. వేలంలో పాట పడకపోతే ఆ గొడ్డును తోలుకెళ్ళి మేపాల్సింది సర్కారే! మా తాతలు ఈ ముక్క చెప్పి పడీ పడీ నవ్వేవాళ్ళు.

పట్టాలను రద్దు చేస్తామన్నారు, పటాలాన్ని దించి ఊళ్ళ మీదుగా కవాతు చేయించారు. అయినా ఆ ఫిర్కాలో శిస్తు నూటికి అయిదు వంతులు కూడా రాలేదని పట్టాభి సీతారామయ్యగారే కాంగ్రెస్ చరిత్రలో రాశారు. తుపాకీ పేలకుండా ఒక సర్కారును ఊరు బయట నిలబెట్టారంటే, అది గెలుపు కాదా?

సూటిమాట
బాగుంది. కానీ అక్కడ కూడా చివరికి శిస్తు కట్టేశారుగా?

పొగాకుబేరన్
కట్టారు. కానీ సర్కారు కట్టించలేదు, కాంగ్రెస్ కట్టించింది. ఆ తేడా చూడాలి.

1922 ఫిబ్రవరి మొదట్లో చౌరీచౌరాలో పోలీసు ఠాణా తగలబెట్టారు, 22 మంది పోలీసులు చనిపోయారు. గాంధీ మొత్తం ఉద్యమాన్నే ఆపేశాడు. గుంటూరులో కాంగ్రెస్ నాయకులు కొండ వెంకటప్పయ్యగారు వాళ్ళు మాదీ ఆపమన్నారు. మావాళ్ళు ఆపి శిస్తు కట్టారు. ఎక్కడో ఉత్తరాన జరిగినదానికి మేమెందుకు ఆగాలి అని ఏడ్చినవాళ్ళు ఉన్నారట.

తుంగభద్ర
ఇక్కడే నాకు గాంధీ మీద కోపం వస్తుంది. గెలిచే ఆటను ఆపేశాడు.

పాతపంతులు
ఆపడం ఒక్కసారిగా జరగలేదు తుంగభద్రా. ముందునుంచీ ఆయనకు గుంటూరు మీద అనుమానమే. 1921 నవంబరులో ఢిల్లీ సమావేశంలో రాష్ట్ర కమిటీలకు శాసనోల్లంఘన చేసుకునే వీలిచ్చారు, షరతులతో. ఖద్దరు, రాట్నం, హిందూ ముస్లిం ఐక్యత, అంటరానితనం పోవడం, అన్నిటికీ మించి అహింస. ఇవన్నీ కుదిరాయా అని ఆయన జనవరిలో వెంకటప్పయ్యగారికి ఉత్తరాల మీద ఉత్తరాలు రాశాడు. కుదరకపోతే శిస్తు కట్టేయండన్నాడు. ఇక్కడివాళ్ళు అన్నీ కుదిరాయన్నారు. కుదిరాయో లేదో... ఆ తొందరలో ఎవరు సరిగ్గా చూశారు? ముఖ్యంగా అంటరానితనం సంగతి.

సూటిమాట
పంతులుగారే మొదలుపెట్టారు కాబట్టి నేను పూర్తి చేస్తాను. శిస్తు కట్టేది పట్టా ఉన్నవాడు. పట్టా లేని పాలేరు సంగతి? రైతు "కట్టను" అంటే రైతు హీరో. ఆ ఇంట్లో పాలేరుకు శిస్తే లేదు, కానీ పటాలం దిగితే భయం అందరికీ ఒకటే. ఇంకా, నీళ్ళు పోయకూడదు, బండి కట్టకూడదు అని ఊరు తీర్మానిస్తే దాన్ని అమలు చేయాల్సింది చాకలి, మంగలి, బండివాడు, వెట్టివాడు. వాళ్ళను ఎవరైనా అడిగి తీర్మానించారా? వెట్టివాడికి సర్కారు పని పోతే ఎవరు తిండి పెట్టారు? శాంతియుతం అన్న మాటలో ఈ ఒత్తిడి కనిపించదు.

పొగాకుబేరన్
దీనికి నా దగ్గర మంచి జవాబు లేదు. మా ఇంట్లో కథలన్నీ అరుగు మీద కూర్చున్నవాళ్ళ కథలే. అరుగు కింద నిలబడ్డవాళ్ళు ఏం చెప్పుకున్నారో మాదాకా రాలేదు.

మోడరేటర్
మధ్యలో రెండు పోస్టులు తీసేశాను. కులాల పేర్లు పెట్టి ఒకరినొకరు అనుకోవడానికి ఇది చోటు కాదు. సూటిమాట అడిగిన ప్రశ్న న్యాయమైనదే, దానికి జవాబు చెప్పండి లేదా వదిలేయండి.

నాగులేటి_గట్టు
పల్నాడు నుంచి. మీరంతా శాంతి శాంతి అంటున్నారు. ఆ 1922 ఫిబ్రవరిలోనే మా దగ్గర ఏం జరిగిందో ఒక్కరూ అనలేదు.

అడివిలో గొడ్డు మేపుకుంటే పుల్లరి అనే పన్ను కట్టాలి. పుల్ల ఏరుకున్నా లెక్క. మా వైపు వాన తక్కువ, పంట తక్కువ, గొడ్డే ఆస్తి. తాతలనాటి నుంచి మేపుకున్న అడివి సర్కారుది ఎలా అయిందో ఎవరికీ అర్థం కాలేదు. అడివి గార్డులు గొడ్లను బందెలదొడ్డికి తోలేవాళ్ళు. విడిపించుకోవడానికి మళ్ళీ డబ్బు. కరువు ఏడు అయినా అంతే. దాంతో పుల్లరి కట్టేది లేదని అడ్డం తిరిగారు. ఉన్నవ లక్ష్మీనారాయణగారు ఇక్కడికి వచ్చి జైలుకెళ్ళారు. మించాలపాడులో కన్నెగంటి హనుమంతు నిలబడ్డాడు. గొడ్లను జప్తు చేయడానికి పోలీసు బలగంతో వచ్చారు, ఊరు ఎదురు తిరిగింది, తుపాకులు పేలాయి, హనుమంతు చనిపోయాడు. గుండ్లు తగిలి పడి ఉన్న మనిషి నీళ్ళు అడిగితే దగ్గరికి ఎవర్నీ రానివ్వలేదని ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఇప్పుడు చెప్పండి. మా పోరాటం శాంతియుతమా కాదా? మొదలుపెట్టింది పన్ను కట్టకపోవడంతోనే. ఊరి చేతిలో కర్రా రాయి ఉన్నాయి కాబట్టి మీ లిస్టులోంచి తీసేస్తారా?

గుంటమగ్గం
అన్నా, నేనైతే తీసేయను. కానీ తేడా ఒకటుంది. చీరాలలో తెర ముందు పాట పాడేవాడు, తగవు తీర్చేవాడు, జనాన్ని కూర్చోబెట్టేవాడు ఒకాయన ఉన్నాడు. కోపం పొంగినప్పుడల్లా దాన్ని ఇంకో పనిలోకి మళ్ళించేవాడు. అడివి పక్క ఊళ్ళల్లో ఆ వ్యవస్థ లేదు. గొడ్డును కళ్ళ ముందే తోలుకుపోతుంటే చూస్తూ నిలబడమనడం, తాళం వేసిన ఇంటిని వదిలి వెళ్ళమనడం, రెండూ ఒకటి కాదు.

పాతపంతులు
గుంటమగ్గం సరిగ్గా పట్టుకున్నాడు. రామదండు, శాంతిసేన ఊరికే పేర్లు కావు. అహింస దానంతటది జరగదు, దానికి కసరత్తు కావాలి, మనుషులు కావాలి. గోపాలకృష్ణయ్య రాత్రిపూట పాటలు, కథలు పెట్టించేవాడు. ఆంధ్ర విద్యాపీఠ గోష్ఠి అని నడిపాడు. పాకల్లో ఉన్న జనానికి పొద్దుపోవాలి, ధైర్యం నిలవాలి. పెద్ద చదువులు చదివొచ్చినవాడికి జానపద కళల విలువ తెలిసి ఉండటం అక్కడ పనికొచ్చింది.

పాట అంటే గుర్తొచ్చింది, అదే రోజుల్లో గరిమెళ్ళ సత్యనారాయణకు ఒక్క పాట కారణంగా ఏడాది కఠిన శిక్ష పడింది. పాటకు అంత భయపడ్డారంటే అది ఎంతమంది నోట పడి ఉండాలి!

ఇంకో సంగతి నాగులేటి గట్టుకు. అప్పుడు గుంటూరు కలెక్టరు రూథర్‌ఫర్డ్. పెదనందిపాడులో శిస్తు కట్టించడానికి తిప్పలు పడింది ఆయనే, పల్నాడును అణచిందీ ఆయన హయాంలోనే. రెండేళ్ళ తర్వాత, 1924లో, అల్లూరి సీతారామరాజును పట్టుకోవడానికి మన్యానికి ప్రత్యేకాధికారిగా పంపింది కూడా ఈ రూథర్‌ఫర్డ్‌నే. అంటే సర్కారు దృష్టిలో పన్ను కట్టని రైతు, పుల్లరి కట్టని కాపరి, విల్లెత్తిన మన్యంవాడు ఒకే ఫైలు.

గోదారిగాలి
అయ్యబాబోయ్, ఈ రూథర్‌ఫర్డ్ సంగతి నాకు తెలియదు. మూడుచోట్లా ఒకడేనా!

తుంగభద్ర
అందుకే నేనంటాను, అల్లూరి దారే కరెక్టు అని. ఎలాగూ ఒకే ఫైలు అయినప్పుడు...

నాగులేటి_గట్టు
తుంగభద్రా, తుపాకీ ముందు నిలబడినవాళ్ళ ఊరు మాది. కాబట్టి ఒక మాట చెప్పనీ. హనుమంతు పోయాక మా దగ్గర ఉద్యమం నిలవలేదు. మన్యంలో రెండేళ్ళ తర్వాత అదే జరిగింది. వీరులే, సందేహం లేదు. కానీ వీరుడు పడిపోతే మిగతా ఊరంతా ఏం చేయాలన్నది ఆ దారిలో లేదు. పెదనందిపాడులో కరణం రాజీనామా చేశాడు, బండివాడు బండి కట్టలేదు. ఎంతమందిని కాలుస్తారు? నేను ఇక్కడ కొట్లాడటానికి వచ్చాను, చివరికి మీ మాటే నేను చెప్తున్నాను, ఇదేం ఖర్మో.

పొగాకుబేరన్
😀 రా అన్నా, మా అరుగు మీద కూర్చో.

సూటిమాట
అరుగు మీదే కూర్చోబెట్టండి, కింద కాదు.

పొగాకుబేరన్
తగిలింది. ఒప్పుకున్నా.

కృష్ణాకాలువ
ఇంతకీ నా పందెం సంగతి! బావగారు ఇది చదివితే "అన్నిచోట్లా ఓడిపోయారని మీ వాళ్ళే ఒప్పుకున్నారుగా" అంటారు. చీరాల తిరిగొచ్చింది, పెదనందిపాడు శిస్తు కట్టింది, పల్నాడులో మనిషి పోయాడు. ఒక్క గెలుపన్నా చూపించండి మహాప్రభో.

పాతపంతులు
1928 బార్డోలీ చూపించు. గుజరాత్. శిస్తు 22 శాతం పెంచారు. వల్లభభాయి పటేల్ నాయకత్వం. రైతులు కట్టలేదు, గొడ్లను జప్తు చేశారు, వేలంలో పాట పాడేవాళ్ళు లేరు. ఎక్కడో విన్నట్టు లేదూ? పొగాకుబేరన్ తాతల కథే. చివరికి విచారణ కమిటీ వేస్తే పెంపు దాదాపు 6 శాతానికి దిగింది. 1922లో గాంధీ మొదలుపెట్టబోయి ఆపేసింది కూడా ఆ బార్డోలీలోనే. అదే ఊరు, అదే పద్ధతి. ఆరేళ్ళు పట్టింది.

సూటిమాట
బార్డోలీ గెలవడానికి ఇంకో కారణం ఉంది. వాళ్ళు స్వరాజ్యం అడగలేదు, పెంపు తగ్గించమన్నారు. అడిగింది చిన్నది, కాబట్టి సర్కారు పరువు పోకుండా దిగి రావడానికి మెట్టు దొరికింది. చీరాలలో "మునిసిపాలిటీ వద్దు" అంటే మధ్యేమార్గం ఏముంది? పెదనందిపాడులో "శిస్తే కట్టం" అంటే రాజ్యమే లేనట్టు. దానికి సర్కారు ఎందుకు తలొగ్గుతుంది?

(అవును, నేను మొదట్లో ఇది స్వాతంత్ర్య పోరాటమే కాదన్నాను. ఇప్పుడు రాజ్యాన్నే కాదన్నారని అంటున్నాను. ఎవరూ ఎత్తి చూపక్కర్లేదు, నేనే చూసుకున్నాను.)

గోదారిగాలి
స్క్రీన్‌షాట్ తీసుకున్నాను 🙂

తుంగభద్ర
ఆడవాళ్ళ ఊసే లేదేంటి ఇందులో? పన్ను కట్టక జైలుకెళ్ళిన ఒకామె తప్ప.

గోదారిగాలి
మా కాకినాడ నుంచి ఒకటి. అదే 1921 ఏప్రిల్‌లో గాంధీ కాకినాడ వస్తే, దేవదాసీలు, ముస్లిం ఆడవాళ్ళు ఆయన మాట వినాలని వాళ్ళ కోసం విడిగా సభ పెట్టించింది దుర్గాబాయి. అప్పటికి ఆమెకు పన్నెండేళ్ళు కూడా నిండలేదు! ఆయన హిందీలో చెప్తే తెలుగులో చెప్పింది. చేతి గాజులు కూడా ఇచ్చేసింది. తర్వాత 1930లో మద్రాసు ఉప్పు సత్యాగ్రహంలో జైలుకెళ్ళింది, ఆ తర్వాత రాజ్యాంగ సభలో కూర్చుంది.

గుంటమగ్గం
రామనగర్ మాటకొస్తే, ఆ నెలలన్నీ నడిపింది ఆడవాళ్ళే అనుకుంటాను. ఇల్లు అంటే పొయ్యి, నీళ్ళు, పిల్లలు. ఇసకలో పాక వేస్తే ఇవన్నీ మొదటినుంచి. మా నాయనమ్మ కథలో మగవాళ్ళు సభల్లో ఉంటారు, ఆడవాళ్ళు తాటాకు సరిచేస్తూ ఉంటారు.

కృష్ణాకాలువ గారూ, మీ పందేనికి నాకు తోచింది చెప్తాను. తిరిగొచ్చినవాళ్ళు మామూలుగా రాలేదు. బెజవాడ సభకు ముందు మా పేటల్లో కాంగ్రెస్ అంటే ప్లీడర్ల వ్యవహారం. 1930లో ఉప్పు వండటానికి కోస్తా పొడుగునా ఊళ్ళు కదిలాయంటే, దేవరంపాడులో శిబిరం పెడితే మనుషులు దొరికారంటే, ఒకసారి ఇంటికి తాళం వేసి చూసినవాళ్ళు చుట్టుపక్కల ఉన్నారు కాబట్టేనని నా నమ్మకం. నిరూపించమంటే నిరూపించలేను.

గోపాలకృష్ణయ్య అది చూడలేదు. క్షయతో 1928 జూన్‌లో పోయాడు, ముప్పై తొమ్మిదేళ్ళకే.

పాతపంతులు
ఆయన చేతిలో చివరికి చిల్లిగవ్వ లేదు. "ఆంధ్రరత్న" అన్న బిరుదు మాత్రం మిగిలింది.

కృష్ణాకాలువ
ఆదివారం అప్‌డేట్. థ్రెడ్ మొత్తం ఫోన్‌లో బావగారికి చదివి వినిపించాను. గుంట మగ్గం దగ్గర ఆపి, "మళ్ళీ చదువు" అన్నారు. మళ్ళీ చదివాను. ఆయన తండ్రిగారి ఊళ్ళో మగ్గాలుండేవట, వానాకాలం గుంటలోంచి చెంబుతో నీళ్ళు తోడటం చిన్నప్పుడు చూశారట. నాకు ఇన్నేళ్ళుగా చెప్పలేదు. ఓడారనే అంటున్నారు ఇప్పటికీ. "కానీ వలస అన్నమాట వెనక్కి తీసుకుంటా" అన్నారు.

బిర్యానీ సగం సగం వేసుకున్నాం.

గుంటమగ్గం
మంచి బేరం. ఒక విషయం చెప్పనా, చీరాల ఇప్పుడు మునిసిపాలిటీయే. మా ఇంటిపన్ను మొన్ననే ఫోన్‌లో కట్టాను. రసీదు రావడానికి రెండు నిమిషాలు పట్టింది.

సూటిమాట
ఎంతొచ్చిందేంటి?

గుంటమగ్గం
ఎక్కువే. అర్జీ పెడదామనుకుంటున్నా.